పిట్టల కబుర్లు: అన్నీ సైబీరియావేనా?

ఈ నెల తొమ్మిది ఉత్తరాలు వచ్చాయి. వాట్సాప్ ఫొటోల సంగతి చెప్పను, వాటిలో సగానికి సగం పిట్ట ఏ మూల ఉందో భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సినవే. ఎండలు ముదిరి చెరువులు అడుగంటుతున్నాయి. చలికాలం చుట్టాలు ఒక్కొక్కరే మూటాముల్లే సర్దుకుంటున్నారు. అందుకేనేమో, తొమ్మిదింటిలో నాలుగు ఉత్తరాల్లో సైబీరియా మాట ఉంది. ముందు ఆ సంగతి తేల్చేద్దాం.

ప్రశ్న: ఏటా జనవరిలో మా బడి పిల్లల్ని తేలినీలాపురం తీసుకెళ్తాం. పక్షులు సైబీరియా నుంచి పురుడు పోసుకోవడానికి ఇక్కడికి వస్తాయని చెబుతాం. మొన్న ఏప్రిల్ చివర అటుగా వెళ్తే చెట్లు దాదాపు ఖాళీగా కనిపించాయి. అవి మళ్లీ సైబీరియా చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది?
– ఉపాధ్యాయురాలు, టెక్కలి

జవాబు: టీచరుగారూ, ఒక్క రోజు కూడా పట్టదు. అవి అక్కడికి వెళ్తే కదా!

మీ మీద విసుర్లు కావండి. ఇదే అబద్ధం నేనూ పదేళ్లు చెప్పాను. నౌపడ జంక్షన్‌లో స్టేషన్ మాస్టరుగా పనిచేసిన రోజుల్లో, గుణుపురం చిన్న బండి కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చున్నవాళ్లు నెత్తిమీదుగా వెళ్లే పెద్ద పక్షుల్ని చూసి “ఏటి బాబూ అయి?” అని అడిగేవారు. “సైబీరియా కొంగలు” అని బండి టైము చెప్పినంత ధీమాగా చెప్పేవాణ్ణి. ఒక్కరూ కాదనలేదు. చివరికి ఒక పక్షుల పుస్తకంలో మ్యాపు చూసి నాలుక కరుచుకున్నాను.

తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గూడబాతు, అంటే పెలికాన్. గొంతు కింద సంచి చూస్తే చేలోకి నీళ్లు తోడే గూడ గుర్తొస్తుంది. రెండోది ఎర్రకాళ్ల కొంగ, పెయింటెడ్ స్టార్క్ అంటారు. పసుపు ముక్కు, తోక దగ్గర ఎవరో గులాల్ చల్లినట్టు గులాబీ రంగు. రెండూ దక్షిణాసియా పక్షులే. ఆ మంచుదేశం ముఖం ఎన్నడూ చూడలేదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, నెల్లూరు వైపు నేలపట్టులో, కర్ణాటకలోని కొక్కరెబెళ్లూరులో కూడా ఈ జాతులే గూళ్లు పెడతాయి. మన దగ్గరికి వర్షాకాలం చివర, సెప్టెంబరు అక్టోబరుల్లో చేరి, గుడ్లు పెట్టి, పిల్లల్ని సాకి, ఎండలు ముదిరేలోగా కదిలిపోతాయి. ఎక్కడికంటారా? ఏ చెరువులో నీళ్లు, చేపలు మిగిలి ఉంటే అక్కడికి. పంట కోతలకు మన కూలీలు పక్క జిల్లాలకు వెళ్లొచ్చినట్టు అనుకోండి.

మరి అసలు సైబీరియా వాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్లను చూడటానికి మీరు పిల్లల్ని ఎప్పుడూ తీసుకెళ్లలేదు, అదీ నా ఫిర్యాదు. తేలినీలాపురం నుంచి కాస్త ముందుకెళ్తే నౌపడ ఉప్పు మడులు. గట్టు మీద కూర్చుని ఓ పావుగంట కదలకుండా ఉండండి. మొదట ఏమీ కనపడదు, తెల్లటి ఉప్పు కుప్పలు, కళ్లు చెదిరే ఎండ తప్ప. తర్వాత మడిలో బురద కదిలినట్టు ఉంటుంది. ఆ కదిలేవే పిట్టలు. మనవాళ్లు అన్నింటినీ కలిపి ఉల్లంకులు అంటారు. వాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని ఇంగ్లీషులో లిటిల్ స్టింట్ అంటారు. మూడు పది రూపాయల బిళ్లలు అరచేతిలో పెట్టుకోండి, ఇంచుమించు దాని బరువు అంతే. అది గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువ సముద్రం అంచున, సైబీరియా కొసన. ఇక్కణ్ణుంచి ఆరు వేల కిలోమీటర్లకు పైమాటే.

దాని పక్కనే ముక్కు చివర కిందికి వంగిన ఇంకో ఉల్లంకి ఉంటుంది, కర్ల్యూ శాండ్‌పైపర్. చలికాలమంతా బూడిద రంగు, పొట్ట తెలుపు, చూడబుద్ధి కాదు. మార్చి చివరికల్లా పొట్ట మీద అక్కడక్కడా ఇటుక రంగు మచ్చలు మొదలవుతాయి. ఏప్రిల్ మూడో వారానికి మెడ, రొమ్ము, పొట్ట అన్నీ కాల్చిన ఇటుక రంగే. ఈసారి ఏప్రిల్ 24న ఒకే మడిలో మూడు రకాల్నీ చూశాను: పూర్తిగా ఎర్రబడ్డవి, సగం మారి అతుకుల బొంతలా ఉన్నవి, ఏమీ మారని బూడిదవి. ఎర్రవి తల ఎత్తకుండా తింటున్నాయి. ముక్కు బురదలో గుచ్చడం, తీయడం, మళ్లీ గుచ్చడం, కుట్టుమిషను సూదిలాగా. దారి ఖర్చుకి కొవ్వు దాచుకోవాలి కదా. బూడిదవి మాత్రం తీరిగ్గా ఉన్నాయి. అవి చాలామటుకు పోయినేడు పుట్టిన కుర్రవి, ఈ వేసవికి ఇక్కడే ఉండిపోతాయి.

వచ్చే ఏడాది పిల్లల్ని ఏప్రిల్‌లో తీసుకెళ్లండి. పరీక్షలంటారు, తెలుసు. ఒక్క ఆదివారం చాలు.

ప్రశ్న: నేను పక్షులుండే ఆ తేలినీలాపురానికే కోడలుగా వచ్చాను. మీరు ప్రతి నెలా పక్షులు ఎంత గొప్పవో రాస్తారు. ఆరు నెలలు మేడ మీద బట్టలు ఆరేయలేం. పెరట్లో చేపల కంపు, రెట్ట. చింతపండు చేతికి రాదు. మా మామగారు మాత్రం ఒక్క కొమ్మ కొట్టనివ్వరు. మీరు ఇక్కడ ఒక వారం ఉండి రాయగలరా?
– ఒక కోడలు, పేరు వద్దన్నారు

జవాబు: అమ్మా, ఉండలేను. నిజం చెప్పేస్తున్నాను. ఫిబ్రవరిలో ఒక ఇంట్లో రెండు గంటలు కూర్చుంటేనే చొక్కా మీద సంతకం పడింది. నేను గంటసేపు బైనాక్యులర్స్‌తో చూసి ఇంటికెళ్లి స్నానం చేసేవాణ్ణి, ఆ వాసనలో వంట చేసుకునేది మీరు. మీరు అడిగినంత సూటిగా ఈ శీర్షికలో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మీ మామగారి పట్టుదల నాకు తెలుసు. మీ ఊళ్లోనే ఒక ముసలమ్మ నాతో “ఈటి మా ఆడపిల్లలు బాబూ, పురిటికొచ్చేయి. పురిటికొచ్చిన పిల్లని కంపు కొడతందని గెంటేత్తామేటి?” అంది. నా దగ్గర సమాధానం లేదు. అయితే పురిటికొచ్చిన పిల్ల ఖర్చు ఊళ్లో కొన్ని ఇళ్లే ఎందుకు మోయాలన్నది వేరే ప్రశ్న. చెట్టున్న ఇల్లు చింతపండు పోగొట్టుకుంటే, చూడటానికి వచ్చిన మాలాంటివాళ్లు ఫొటో తీసుకుని టీ తాగి వెళ్లిపోతారు.

కొక్కరెబెళ్లూరులో కూడా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. అక్కడ గూళ్లున్న చెట్టుకి ఇంత అని కర్ణాటక అటవీశాఖ యజమానికి డబ్బిచ్చే ఏర్పాటు ఉంది. గొప్ప మొత్తం కాకపోవచ్చు, కానీ “ఈ నష్టం నీ ఒక్కడిది కాదు” అని చెప్పినట్టవుతుంది. మీ ఊరివాళ్లు గ్రామసభలో ఈ మాట పెట్టి, తీర్మానం కాపీ జిల్లా అటవీ అధికారికి పంపండి. అర్జీ రాయడం నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో బాగా వంటబట్టిన విద్య. కావాలంటే నేను రాసిపెడతాను.

రెట్ట సంగతి. దాన్ని కడిగి మురుగులోకి వదలకండి. ఎండిన ఆకులతో కలిపి గుంటలో వేసి మగ్గనివ్వండి, మంచి ఎరువు. పచ్చిది పచ్చిగా మొక్కకి వేస్తే మాడిపోతుంది. ఊడ్చేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. బావి ఉంటే మూత తప్పదు. బట్టలకి మాత్రం నాకు ఉపాయం తోచలేదు.

ప్రశ్న: ఏప్రిల్ 28న పొద్దున్న మా వరండాలో ఒక పిట్ట పడి ఉంది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, పొట్ట కింద ఎరుపు, కంటి మీదుగా నల్లటి గీత, తోక ఉందా లేదా అన్నంత చిన్నది. ఎగరలేకపోయింది. మా అత్తగారు ఇంటికి మంచిది కాదన్నారు. మా అబ్బాయి పంజరం కొందామన్నాడు. ఆ సాయంత్రం అదే ఎగిరిపోయింది. అది సైబీరియా పిట్టేనా?
– గృహిణి, గజపతినగరం

జవాబు: మళ్లీ సైబీరియా! కాదండీ, అది పొన్నంగి పిట్ట. ఇండియన్ పిట్టా అంటారు. ఉత్తరాది వాళ్లు తొమ్మిది రంగులదని నవరంగ్ అంటారు. తమిళనాడులో పొద్దున్న ఆరుకీ, సాయంత్రం ఆరుకీ కూస్తుందని ఆరుమణి కురువి అని పేరు పెట్టారు, ఆరు గంటల పిట్ట అన్నమాట. చలికాలం దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపి, ఎండాకాలంలో మధ్య భారతం అడవులకూ హిమాలయాల కింది అడవులకూ పోతుంది. వానలు పడగానే గూడు. ఏప్రిల్ చివర, మే మొదట్లో మన తూర్పు కనుమల పక్కనుంచి వెళ్తుంది. మీ వరండా దాని దారిలో పడింది, అంతకుమించి శకునమేమీ లేదు. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, ఈ పిట్టని వరండాలో చూడటానికి నేను ఇరవై ఏళ్లుగా కాచుకు కూర్చున్నానని కూడా చెప్పండి.

ఇది రాత్రిపూట ప్రయాణం చేస్తుంది. తెల్లవారుజామున అలసిపోయి దిగేటప్పుడు గోడనో అద్దాన్నో గుద్దుకుంటుంది. ఇంకెవరికైనా దొరికితే ఇలా చేయండి. చెప్పుల అట్టపెట్టెకి నాలుగు చిల్లులు పెట్టి, అడుగున పాత తువ్వాలు పరిచి, పిట్టని అందులో ఉంచి మూత పెట్టండి. చీకటిగా, చప్పుడు లేని చోట వదిలేయండి. నోరు తెరిచి నీళ్లు పోయకండి, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. జాలి కొద్దీ ఇలా చంపేవాళ్లే ఎక్కువ. అన్నం మెతుకులు అసలే వద్దు, అది పురుగులు తినే పిట్ట. రెండు గంటలకోసారి మూత తీసి చూడటం, పక్కింటివాళ్లని పిలిచి చూపించడం మానాలి. సాయంత్రం వెలుగు తగ్గాక చెట్ల దగ్గర పెట్టె తెరిస్తే చాలావరకు అదే పోతుంది. రెక్క వేలాడుతుంటే అటవీశాఖ రేంజి ఆఫీసుకి ఫోన్ చేయండి.

మీ అబ్బాయికి: పంజరంలో పెడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా ఇది రామచిలుక లాగా మాట్లాడదు కూడా.

ప్రశ్న: రాత్రిపూట పక్షులకి దారి ఎలా తెలుస్తుంది? వాటికి జీపీఎస్ ఉంటుందా?
– ఏడో తరగతి విద్యార్థి, పలాస

జవాబు: బాబూ, నీ ప్రశ్నకి ముందు ఒక సంగతి చెప్తాను. నౌపడలో ఒక ఏప్రిల్ రాత్రి, రెండు దాటింది. బండి ఏదీ లేదు. ఉన్నట్టుండి విజిల్. ఒకటి కాదు, గబగబా ఆరేడు, ఒకే శ్రుతిలో. గార్డు ఎవరో విజిల్ ఊదుతున్నాడనుకుని చేతిదీపం పట్టుకుని బయటికి పరిగెత్తాను. ప్లాట్‌ఫాం మీద నిద్రపోతున్న కుక్క తప్ప ఎవరూ లేరు. మళ్లీ విజిల్, ఈసారి సరిగ్గా నెత్తిమీద. పోర్టరు లేచి కూర్చుని “పైన సార్, పైన” అన్నాడు. పైకి చూస్తే చుక్కలు. అది విమ్‌బ్రెల్ అనే పెద్ద ఉల్లంకి అనీ, ముక్కు కొడవలిలా వంగి ఉంటుందనీ, ఎగురుతూ సుమారు ఏడుసార్లు వరసగా ఈల వేస్తుందనీ తెలియడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. నేను పక్షుల వెంట పడింది ఆ రాత్రి నుంచే.

ఇక దారి. 1960ల్లో అమెరికాలో స్టీఫెన్ ఎమ్లెన్ అనే శాస్త్రవేత్త పిచ్చుకంత నీలి పిట్టల్ని తీసుకుని, కాగితంతో చేసిన గరాటులో ఒక్కోదాన్ని పెట్టాడు. గరాటు అడుగున సిరా మెత్త, రబ్బరు స్టాంపుకి వాడతామే అలాంటిది. పైన ప్లానెటేరియం బొమ్మ ఆకాశం. వలస కాలంలో పిట్ట ఎటు వెళ్లాలనుకుంటే అటు గెంతుతుంది కదా, ఆ వైపు కాగితం మీద సిరా కాళ్ల గుర్తులు పడతాయి. వసంతంలో గుర్తులన్నీ ఉత్తరం వైపే పడ్డాయి. చుక్కలు ఆర్పేస్తే అన్ని వైపులా కలగాపులగం.

దీని తర్వాతిది నాకు ఇంకా ఇష్టం. ఆకాశమంతా ధ్రువ నక్షత్రం చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కదా. ఎమ్లెన్ పిల్ల పిట్టల్ని పెంచుతూ, బొమ్మ ఆకాశాన్ని ధ్రువుడి చుట్టూ కాకుండా ఇంకో చుక్క చుట్టూ తిప్పాడు. ఏ చుక్కో తెలుసా? మన ఆర్ద్ర. మీ తాత ఆరుద్ర కార్తె అంటాడే, అదే. ఆ పిల్లలు పెద్దయ్యాక ఆర్ద్రనే ఉత్తరం అనుకున్నాయి. అంటే మ్యాపు పుట్టుకతో రాలేదు, గూట్లో ఉండగా ఏ చుక్క కదలదో చూసి నేర్చుకున్నాయి. ఇవి కాక భూమి అయస్కాంత శక్తిని పసిగట్టే గుణం, పొద్దు గూకే దిక్కు, నదులు, తీరం గీత, అన్నీ వాడుకుంటాయి. జీపీఎస్ సిగ్నల్ పోతే మనకి ఉన్న టెన్షన్ వాటికి లేదు.

బయలుదేరే టైము మాత్రం పగటి పొడవు చెబుతుంది. పగలు పెరిగేకొద్దీ ఒంట్లో హార్మోన్లు మారతాయి, ఆకలి పెరుగుతుంది, నిద్ర పట్టదు. పరీక్షలయ్యాక అమ్మమ్మగారి ఊరు వెళ్లే ముందు రాత్రి నీకు ఎలా ఉంటుందో అలాగ.

ప్రశ్న: ఫిబ్రవరిలో మా మినప చేలో వందల గోరింకలు దిగాయి. మామూలు గోరింకలు కావు, ఒళ్లు గులాబీ రంగు, తల, రెక్కలు నలుపు. పంట పోయినట్టేనని టపాసులు కాల్చి తోలాం. ఇప్పుడు ఒక్కటీ లేదు. అవి కూడా సైబీరియా వైపు పోయాయంటారా?
– రైతు, చీపురుపల్లి

జవాబు: అవి రోజీ స్టార్లింగులు. కజకిస్తాన్ చుట్టుపక్కల గడ్డిభూములు వాటి పుట్టిల్లు. సైబీరియా కాదు. ఆగస్టు నుంచే మన దేశంలో దిగుతాయి, ఏప్రిల్ దాటితే ఉండవు. మన మోదుగలు, బూరుగులు పూసినప్పుడు వాటి మీద గోల గోలగా తేనె తాగుతూ, తలంతా పుప్పొడి పూసుకుని కనిపిస్తాయి.

టపాసుల ఖర్చు దండగైందని నా అనుమానం. మినప చేలో అవి దిగింది ఎక్కువగా పచ్చ పురుగు కోసం. జొన్న, చోడి కంకి మీదయితే గింజ కూడా తింటాయి, అక్కడ తోలితే మిమ్మల్ని తప్పుపట్టను. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల బెడద ఎక్కువ. అక్కడ పురుగుమందుకి బదులు ఈ పిట్టలే పనికొస్తాయని వాటి కోసం రాళ్లు పేర్చి, గోడలు కట్టి గూళ్ల చోట్లు తయారుచేస్తారు. ఈసారి దిగినప్పుడు టపాసు ముట్టించే ముందు ఓ పది నిమిషాలు గట్టు మీద కూర్చుని ముక్కులో ఏముందో చూడండి. పురుగయితే వదిలేయండి.

ప్రశ్న: పోయిన నెల మీరు కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట “నల్లతల సీగల్స్” చూశానని రాశారు. నేనూ అదే వారం అక్కడే ఉన్నాను. అవి బ్రౌన్‌హెడెడ్ గల్స్ అని నా నమ్మకం.
– బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

జవాబు: మీదే రైటు. మీరు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. కంటిపాప చుట్టూ తెల్లగా ఉంది, రెక్క చివరి నలుపులో తెల్లటి కిటికీలు ఉన్నాయి. నల్లతల దానికి కన్ను నల్లగా ఉంటుంది, రెక్క చివర ఈ కిటికీలు ఉండవు. తలమీది ముసుగు ఏప్రిల్‌లో రెండింటికీ గోధుమ రంగే, దాన్ని చూసి నేను బోల్తా పడ్డాను. పొద్దు ఎదురుగా ఉందని సాకు చెప్పొచ్చు గానీ, అసలు సంగతి ఆకలేసి తొందరగా వచ్చేశాను. మీ గల్స్ టిబెట్, మధ్య ఆసియా ఎత్తైన సరస్సుల దగ్గర గూళ్లు పెడతాయి. అదీ సైబీరియా కాదని గమనించగలరు.

ప్రశ్న: కోయిల ఉగాదికి ఎక్కడి నుంచి వస్తుంది?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మీ పెరట్లోంచే. ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది. చలికాలం నోరు మూసుకుంటుంది కాబట్టి మీరు గమనించరు. మనం కోయిలమ్మ, కోయిలమ్మ అంటాం గానీ ఆ కుహూ మగదానిది. ఆడది మచ్చలతో గోధుమ రంగులో ఉండి, కిక్‌కిక్ అని అరిచి కాకి గూట్లో గుడ్డు పెట్టి జారుకుంటుంది.

ప్రశ్న: పక్షుల్ని చూడటం మొదలుపెట్టాలనుంది. నలభై వేలు పెట్టి కెమెరా కొనమని ఫ్రెండ్స్ అంటున్నారు. అమ్మ ఒప్పుకోవడం లేదు.
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: అమ్మ చెప్పినట్టు వినండి. కెమెరా ముందు కొన్నవాళ్లు పిట్టని చూడరు, స్క్రీన్ చూస్తారు. 8×42 అని రాసి ఉన్న బైనాక్యులర్స్ ఒకటి చాలు. ఎనిమిది అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. తీర్థాల్లో అమ్మే ఇరవై రెట్ల వాటి జోలికి పోకండి. చేయి వణుకుతుంది, పిట్ట కాదు కదా ఏనుగు కూడా నిలబడదు. అది కూడా లేకపోతే రెండు కళ్లు, ఒక నోటుబుక్కు. తేదీ, టైము, చోటు, ఏం చేస్తోంది, ఇవి రాయండి. పేరు తర్వాతయినా తెలుస్తుంది. నా మొదటి నోటుబుక్కు రైల్వే వాళ్లు పారేసిన పాత ఫారాల వెనక పేజీలు. అందులో “పెద్ద కొంగ”, “ఇంకో పెద్ద కొంగ” అని ఉంటుంది, అయినా తేదీలు ఇప్పటికీ పనికొస్తున్నాయి.

ఫోన్‌లో ఈబర్డ్ యాప్ వేసుకోండి, చూసినవి అందులో ఎక్కించవచ్చు, ఉచితం. కూత విని పేరు చెప్పే మెర్లిన్ అనే యాప్ కూడా ఉంది. అది చెప్పిందల్లా నమ్మకండి, పిట్టని కళ్లతో చూశాకే రాసుకోండి. మే నెల రెండో శనివారం ప్రపంచమంతా ఒకే రోజు పక్షుల్ని లెక్కపెడతారు, గ్లోబల్ బిగ్ డే అని. ఆ రోజు నాగావళి ఒడ్డుకి ఐదుంపావుకల్లా చేరండి. ఏడున్నర దాటితే ఎండకి మీరూ నిలబడలేరు, పిట్టలూ నిలబడవు.

ప్రశ్న: మా తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు ఈసారి ఇంకా రాలేదు. మా ఊళ్లో అందరికీ బెంగగా ఉంది. అవి వస్తేనే వానలు బాగా పడతాయని పెద్దలు అంటారు. సైబీరియాలో ఏమైనా ఇబ్బంది వచ్చిందా?
– యువకుడు, ఇచ్ఛాపురం

జవాబు: సైబీరియాలో ఏమైనా కావచ్చు, మీ కొంగలకు దాంతో పని లేదు. చిల్లుముక్కు కొంగ మన దేశంలోనూ, బంగ్లాదేశ్, బర్మా, థాయిలాండ్‌ల్లోనూ ఉండే పక్షి. థాయిలాండ్‌లో కాలికి కడియం వేసి వదిలిన ఒకటి పదిహేను వందల కిలోమీటర్ల అవతల బంగ్లాదేశ్‌లో దొరికింది. దాని తిరుగుడు తూర్పు పడమరలకి.

ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, అడకత్తెరలాగా. చిన్నపిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. పొలాల్లో పెద్ద నత్త గుల్లల్ని పట్టి, ముక్కు కొనతో లోపలి కండరాన్ని తెంపి, గుల్ల పగలకుండా మాంసం లాగేస్తుంది. నీళ్లు లేకపోతే నత్తలు మట్టిలో దాక్కుంటాయి. నత్తలు బయటికి రాకపోతే కొంగ పిల్లల్ని ఏం పెట్టి సాకుతుంది? అందుకే వానల వాసన తగిలాకే గూడు కడుతుంది. వానలు కొంగల్ని తెస్తాయి, కొంగలు వానల్ని తేవు. మీ పెద్దలతో ఈ ముక్క నేనన్నానని చెప్పకండి.

ఇది మే నెలే కదా, బెంగ ఎందుకు? జూన్ రానివ్వండి, తొలకరి పడనివ్వండి. మొదటి కొంగ దిగిన రోజు తేదీ, టైము, ఏ చెట్టో రాసి నాకు పంపండి. పోయిన ఏడాది మీ ఊరాయన ఒకాయన “వచ్చేశాయి సార్, మా పెదనాన్నగారి చింతచెట్టు మీదే దిగాయి” అని ఉత్తరం రాశాడు. తేదీ వేయడం మరిచిపోయాడు. పోస్టాఫీసు ముద్ర చూద్దామంటే తడిసి అలికిపోయి ఉంది.